అద్దంలో చూసి వేసిన చెయ్యి

నిధి ఎడమచేతి మధ్యవేలు ఇక సగానికి మించి వంగదు. ఆ వేలు పాడు చేసింది మీరు. ముహూర్తం పెట్టిన ఆంజనేయప్రసాద్ మాస్టారూ, డాక్టరు ఇచ్చిన కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి మర్చిపోయిన ఉషక్కా, ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తని శ్యామ్‌సుందర్ బావా, లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టిన మోరిస్‌విల్ పెద్దలూ, మీరే. పోస్టరు వేసింది నేను. నా పేరు చంద్రిక. ఆ పేరు ఈ వరసలో చివర రాయకండి, మధ్యలో రాయండి.

నేను ఉషక్క చెల్లెల్ని, నిధికి పిన్నిని. నాలుగేళ్ళు ఇక్కడ అమెరికాలో వాళ్ళింట్లోనే, గరాజ్ మీది గదిలో ఉన్నాను. పగలు ఇండియన్ స్టోర్‌లో కౌంటరు. పదో తరగతి తప్పి విజయవాడలో ఒక ప్రెస్సులో చేరి, పక్కవాడి భుజం మీంచి చూసి కంప్యూటర్‌లో పేజీలు పెట్టడం నేర్చుకున్నదాన్ని. అందుకని ఇక్కడ ఎవరింట్లో బారసాల అయినా, గృహప్రవేశం అయినా ఫ్లయర్ నా చేతిమీదుగానే వెళ్తుంది. పది గంటలు నిలబడి కాళ్ళు వాచిపోతున్నాయి, కౌంటరు దగ్గర స్టూళ్ళు వెయ్యమని స్టోర్ ఓనరు మీద కరపత్రం కొట్టి, అతని పార్కింగ్‌లోనే పంచిందాన్ని కూడా నేనే. స్టూళ్ళు వచ్చాయి. పరాయివాళ్ళ కాళ్ళ కోసం అంత చేసినదాన్ని, ఇంట్లో పిల్ల వేలికి ఏం చేశానో చెప్తాను.

మే నెలలో మొదలైంది. నిధికి పదహారు దాటాయి. ఆగస్టు రెండో శనివారం వీణ అరంగేట్రం అని మాస్టారు ముహూర్తం పెట్టారు. అక్టోబరులో కాలేజీ అప్లికేషన్లు మొదలవుతాయి కాబట్టి అరంగేట్రం ఈ వేసవిలోనే అయిపోవాలి. ఇక్కడ మన ఇళ్ళలో వేసవి అంటే అదే.

ఒక రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి నిధి గదిలోంచి పిలిచింది.

"పిన్నీ, ఒకసారి రా. ఇలా కూర్చుంటే స్ట్రెయిట్‌గా ఉన్నానా?"

బట్టల అల్మారాకి నిలువెత్తు అద్దం తలుపు. దాని ముందు నేల మీద వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఈజిల్ మీద తెల్ల క్యాన్వాస్. తనని తాను వేసుకోబోతోందట, స్కూల్లో ఆర్ట్ క్లాసుకి. కాలేజీలో బొమ్మలే చదవాలని దాని కోరిక. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళ ఆర్ట్ టీచర్‌కి తెలుసు. అక్కకి చెప్తే "హాబీగా ఉంచుకో నాన్నా" అంది.

నిధి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. ఎర్రటి గౌను, మెడ చుట్టూ లేసు కుచ్చులు, చిన్న పియానోలాంటి పెట్టె మీద రెండు చేతులు. వెనక పనిమనిషి పాటల పుస్తకం పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల వాయిద్యం వంక చూడటం లేదు, తిన్నగా మన వంక చూస్తోంది.

"ఈమె లవీనియా ఫోంటానా. ఇటలీ. ఫిఫ్టీన్ సెవెంటీ సెవెన్. తనే వేసుకుంది."

"పియానో టీచరా?"

"కాదు పిన్నీ, పెయింటర్. అదే కదా పాయింట్. ఇక్కడ చూడు." బొమ్మని వేళ్ళతో పెద్దది చేసింది. వెనక గదిలో, కిటికీ వెలుతురు దగ్గర, గోటి మీద పట్టేంత చిన్నగా ఒక ఖాళీ ఈజిల్. "ఇది ఎవరికి పంపిందో గెస్ చెయ్యి. పెళ్ళికి ముందు, ఇన్-లాస్‌కి."

"అంటే పెళ్ళిచూపుల ఫోటో."

"ఎగ్జాక్ట్‌లీ. నాకు మ్యూజిక్ వచ్చు, నేను గుడ్ గర్ల్, మా ఇంట్లో మెయిడ్ ఉంది. అదంతా ముందు. రియల్ వర్క్ వెనక, ఇంత చిన్నగా. నా కాలేజ్ అప్లికేషన్ కూడా సేమ్ పిన్నీ."

నవ్వాను. "మరి అత్తారు బొమ్మలు వెయ్యనిచ్చారా?"

"పెళ్ళి కండిషనే అది. ఆమె పెయింట్ చెయ్యాలి, దాంతో ఇల్లు నడవాలి. హస్బెండ్ హెల్ప్ చేసేవాడు. పదకొండు మంది కిడ్స్, అయినా వేసింది."

నాలుగున్నర వందల ఏళ్ళ కిందటి మామగారికి ఉన్న పాటి బుద్ధి మన ఇళ్ళలో లేదు. ఈ మాట అప్పుడు నాకు తట్టలేదు. అప్పుడు నేను క్యాన్వాస్ మూల వంక చూస్తున్నాను. అక్కడ ఏదో రాయడానికి జాగా వదిలింది. అసలు బొమ్మలో మూలన లాటిన్‌లో రాసి ఉందట, ఫలానావారి కూతురు లవీనియా అద్దంలో చూసి తన ముఖాన్ని వేసుకుంది అని. తనకి అలాగే తెలుగులో కావాలంది. నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: "ఉషా శ్యామ్‌సుందర్‌ల కూతురు నిధి, అద్దంలో చూసి, తన ముఖాన్ని వేసుకుంది." దానికి తెలుగు అక్షరాలు బొమ్మల్లాంటివే. చూసి చూసి దింపుకుంది.

ఒకటి మాత్రం చెప్పాలి. నిధిది ఎడమచేతి వాటం. బ్రష్ ఎడమచేత్తో పడుతుంది. వీణ మీద మెట్లపై తీగ నొక్కి పక్కకి లాగాల్సిందీ ఎడమచెయ్యే. రెంటికీ ఒక్క చెయ్యి.

*

జూన్ మొదటి వారానికి ఆ చేతి మధ్యవేలు అరటికాయలా ఉబ్బింది. పొద్దున లేచేసరికి వంగిపోయి ఉండేది, రెండో చేత్తో పట్టుకుని తెరవాల్సి వచ్చేది. చేతుల డాక్టరు చూసి, వేలు కదలకుండా నీలం ప్లాస్టిక్ స్ప్లింట్ వేసి, కాగితం మీద రాసిచ్చింది. ఆరు వారాలు వీణ ముట్టుకోకూడదు. బ్రష్ కూడా.

ఆ ఆదివారం మాస్టారు ఇంటికొచ్చారు. వంటింట్లో కాఫీ తాగుతూ కాగితం చదివారు.

"ఆరు వారాలా? అమ్మా ఉషా, వేలు కాయకుండా వీణ వచ్చినవాళ్ళని నేను చూళ్ళేదు. ఇదిగో చూడండి." తన వేళ్ళు చాపారు. చివర్లలో నల్లగా, తోలులా గట్టిపడిన గీతలు.

"కాయడం వేరు, వాపు వేరు మాస్టారూ," అన్నాను.

"చంద్రికమ్మా, నువ్వు స్టూళ్ళ కోసం పోరాడావు, సంతోషం. వీణకి స్టూలు లేదు తల్లీ. కిందే కూర్చోవాలి."

బావ నవ్వాడు. అక్క నవ్వింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ నవ్వాను.

"వాయిదా వేస్తే?" అని ఆ తర్వాత అడిగాను.

"ఎలా వేస్తాం చంద్రీ?" అంది అక్క. " మృదంగం ఆయనా, ఘటం ఆయనా ఇండియా నుంచి టూర్ మీద వస్తున్నారు. ఈ ఊరికి ఆ ఒక్క శనివారమే ఇచ్చారు. హాలు బుక్ అయింది. అందరికీ డేట్ చెప్పేశాం."

"డాక్టర్లు లయబిలిటీ కోసం అన్నీ ఎక్కువ చెప్తారు," అన్నాడు బావ ల్యాప్‌టాప్‌తోనే మాట్లాడుతున్నట్టు.

నిధి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది. "అమ్మా, ఇట్ హర్ట్స్."

"నాకు తెలుసు నాన్నా. నొప్పి ఎవరికి లేదు? రెండు ఆఫీస్ కాల్స్ మధ్యలో కెమెరా ఆఫ్ చేసి నిన్ను క్లాస్‌కి డ్రైవ్ చేశాను తొమ్మిదేళ్ళు. తొమ్మిది వారాలు ఓర్చుకోలేవా?"

అక్క చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఈ కథ రాయడం సులువయ్యేది. నిధి సాధన చేస్తుంటే తలుపు బయట నిలబడి, వేలు నోట్లో పెట్టుకుని వినేది. అక్క వినేది పాట. నొప్పి వినపడదు కదా.

అంతా కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. మిగతా వేళల్లో స్ప్లింట్‌తో, సాధనకి స్ప్లింట్ లేకుండా. ఐస్ పెట్టడం, మాత్ర వెయ్యడం, ఆరు గంటల సాధన, మళ్ళీ ఐస్. కాగితం ఫ్రిజ్ మీదకి వెళ్ళింది. బ్రష్ విషయంలో మాత్రం డాక్టరు మాట అక్షరాలా పాటించారు. "చేతికి రెస్ట్ కావాలి కదా, ఆ పెయింటింగ్ పక్కన పెట్టు" అంది అక్క. నేను విన్నాను. స్టోర్‌కి టైమవుతోందని బయటపడ్డాను.

*

పక్కన పెట్టలేదు నిధి. జూలై మధ్యకి బొమ్మ పూర్తయింది.

బాగుందని చెప్పడానికి నేనెవర్ని? అయినా బాగుంది. ఎర్ర పట్టు లంగా ఓణీ, ఒళ్ళో వీణ, కళ్ళు తిన్నగా మన మీద. వెనక గది తలుపు తెరిచి ఉంది. అవతల కిటికీ దగ్గర చిన్న ఈజిల్. మూలన నేను రాసిచ్చిన వాక్యం. ఎడమచేతి మధ్యవేలికి నీలం స్ప్లింట్. అది ఒక్కటే వంకరగా ఉంది. అంచులు కుదరలేదు, రంగు ముద్దలా ఉంది. మిగతా బొమ్మ వేసిన పిల్ల వేసినట్టు లేదు. తొందరలో పాడు చేసుకుంది అనుకున్నాను. అడగలేదు.

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పోస్టరుకి ఇదే. స్టేజ్ వెనక బ్యానర్‌కీ ఇదే. దానికి చెప్పకు, సర్‌ప్రైజ్." నిధి ఇంట్లో లేని టైములో ఫోటో తీసి నా కంప్యూటర్‌లో పెట్టింది. వెంటనే మాస్టారికి వీడియో కాల్ చేసింది.

ఆయన చూసీ చూడగానే అన్నారు. "అమ్మా, వీణ తిరగబడింది. కుండ కుడివైపు ఉండాలి, ఎడమవైపు పెట్టింది. అమ్మవారి వాద్యం, ఇలా అచ్చు వేస్తే చూసినవాళ్ళు ఏమంటారు? మనకి వీణ పట్టుకోవడమే రాదనరూ?"

"అద్దంలో చూసి వేసింది మాస్టారూ," అన్నాను. "మూలన రాసి కూడా ఉంది."

"ఆ రాత ఎవరు చదువుతారమ్మా."

"తిప్పెయ్యి చంద్రీ," అంది అక్క. "ఒక్క బటనే కదా."

ఒక్క బటనే. తిప్పాను. వీణ సరైంది. మూలన అక్షరాలు తిరగబడ్డాయి. చదవడానికి రానివి పోస్టరులో ఎందుకని వాటిని చెరిపేశాను. నేను రాసిచ్చిన అక్షరాలే.

"ఇక్కడ ముఖ్య అతిథి పేరు రావాలి," అంది అక్క. " తాతయ్యలు, అమ్మమ్మల ఫోటోలు రావాలి. ఈ వెనక గది కట్ చెయ్యి."

కట్ చేశాను. ఈజిల్ పోయింది.

"ఈ నీలం ముక్క కూడా తీసెయ్యి. చేతికి జబ్బు ఉన్నట్టుంది."

"ఉందిగా అక్కా."

"పోస్టరులో ఎందుకు?"

నా దగ్గర జవాబు ఉంది. పోస్టరులోనే కావాలి అక్కా, హాల్లో కూర్చునే మూడు వందల మందికీ తెలియాలి అని. ఓనరుకి అయితే అనేదాన్ని. అక్క ఇంట్లో, అక్క పెట్టిన అన్నం తిని, అక్క డైనింగ్ టేబుల్ మీద కూర్చుని అనలేదు. ఎలాగూ వంకరగా ఉంది కదా అని కూడా అనుకున్నాను. కుడిచేతి వేలు కత్తిరించి, తిప్పి, ఎడమచేతికి అతికించాను. రంగు కలిపాను. అతుకు ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు. నా పని అంత శుభ్రంగా ఉంటుంది.

పోస్టరు ఆ సాయంత్రానికే వాట్సాప్ గ్రూపులన్నిటికీ వెళ్ళింది. మన పిల్లలు ఆ గ్రూపుల్లో ఉండరు.

*

అరంగేట్రం ఇంకా ఎనిమిది రోజులుందనగా వేలు అసలు వంగడం మానేసింది. చేతుల డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్తే తిడుతుందని, తెలిసిన డాక్టరు ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన వేలి మొదట్లో ఇంజెక్షన్ ఇచ్చి, నొప్పి పోతుంది కానీ వేలిని లాగే టెండన్ మెత్తబడుతుంది, రెండు వారాలు బరువు పెట్టొద్దు అన్నాడు. నొప్పి పోతుంది అన్నంతవరకే విన్నారు. నిజంగానే పోయింది. మర్నాటి నుంచి ఎనిమిది గంటల సాధన.

శనివారం హాలు నిండిపోయింది. తెర ఇంకా లేవలేదు. నిధి స్టేజీ మీదకి వచ్చి, తన కోసం వేసిన పీట దాకా నడిచి, వెనక్కి తిరిగి బ్యానర్ చూసింది. పన్నెండు అడుగుల ఎత్తున తన ముఖమే.

నేను మైకు వైరు సర్దుతున్నాను. నా దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, ఆ చెయ్యి ఎవరిది?"

"నీదే."

"నాది కాదు." గొంతు పెంచలేదు. "స్ప్లింట్ నేను రైట్ హ్యాండ్‌తో వేశాను. త్రీ డేస్ పట్టింది. అప్పటికే లెఫ్ట్‌తో బ్రష్ పట్టుకోలేకపోతున్నా." మళ్ళీ చూసింది. "ఈజిల్ ఏది?"

నేను ముఖ్య అతిథి పేరున్న చోటు చూపించాను.

"ఓకే," అంది. వెళ్ళి కూర్చుంది.

వర్ణం బాగా వాయించింది. కృతులు బాగా వాయించింది. పెద్ద రాగం భైరవి. తానం అయి, పల్లవిలో సగం దాకా వచ్చాక, తీగని పక్కకి లాగిన చెయ్యి లాగినచోటే ఆగిపోయింది. రెండు క్షణాలు ఉంటుందేమో. మాస్టారు తొడ మీద తాళం గట్టిగా వేసి తల ఊపారు. నిధి మళ్ళీ అందుకుంది. నేను పక్క తెర దగ్గర ఉన్నాను కాబట్టి నాకు కనపడింది. అప్పటి నుంచి మధ్యవేలు తీగ మీద లేదు. పక్కన ఊరికే నిలబడి ఉంది. మిగతా నలభై నిమిషాలు చూపుడువేలు ఒక్కదానితో వాయించింది. ఎవరికీ తెలియలేదు.

హాలంతా లేచి నిలబడింది. ముఖ్య అతిథి మైకు అందుకుని ఈ అమ్మాయి చేతుల్లో సరస్వతి ఉందన్నారు. జ్ఞాపిక ఇచ్చారు. నిధి కుడిచెయ్యి చాపింది.

"రెండు చేతులతో తీసుకో అమ్మా," అన్నారు మాస్టారు, అదీ మైకులోనే.

అందరూ ముద్దుగా నవ్వారు. అక్క ఆ క్షణం ఫోటో తీసింది. ఇప్పటికీ అక్క ఫోన్‌లో ఉంటుంది.

*

సోమవారం డాక్టరు చెప్పింది. వేలిని వంచే టెండన్ తెగిపోయింది. సర్జరీ చేసి కలిపారు. సెప్టెంబరంతా ఫిజికల్ థెరపీ. అక్కడ ఒక ఆడమనిషి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే, నాలుగు వేళ్ళు బంతి చుట్టూ మూసుకునేవి, ఒకటి గాల్లో ఉండేది. ఇంతకంటే వంగుతుందని హామీ లేదంది. వీణ సంగతి అక్క అడిగింది. బ్రష్ సంగతి నేను అడిగాను. రెంటికీ తల అడ్డంగానే ఊపింది.

ఒక పొద్దున నిధి బ్రష్ పట్టుకుని చూసింది. జారి కింద పడింది. తీసింది. పడింది. మూడోసారి వంగలేదు. పాదంతో మంచం కిందకి తోసేసింది.

ఆ వారమే అక్క డైనింగ్ టేబుల్ దగ్గర అంది. "స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడాను. ఈ ఇంజురీ మీద ఎస్సే రాస్తే చాలా బాగుంటుందిట. ఓవర్‌కమింగ్ అని. అడ్మిషన్ వాళ్ళకి అలాంటివి ఇష్టమట."

బావ మొదటిసారి ల్యాప్‌టాప్ మూశాడు. "ఉషా, ఇక చాలు," అన్నాడు. అప్పుడు అన్నాడు. జూన్‌లో అనాల్సింది సెప్టెంబరులో అన్నాడు.

నిధి లేచింది. పైకి వెళ్ళి ఆ క్యాన్వాస్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ దగ్గర ఉంచు పిన్నీ. ఇక్కడ ఉంటే మళ్ళీ ఫ్లిప్ చేస్తారు."

"నేనే కదా చేసింది," అన్నాను.

"ఐ నో," అంది.

అక్టోబరు ఒకటిన నేను స్టోర్ పక్క అపార్ట్‌మెంట్‌కి మారాను. అక్క నాతో మాట్లాడటం లేదు. నిధి వాళ్ళమ్మతో అవునూ కాదూ తప్ప మాట్లాడదు. ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది, బొమ్మకి వీపు పెట్టి కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. ఆ ఇంట్లో వీణకి గుడ్డ కప్పి సోఫా పక్కన నిలబెట్టారట. ఎవరూ తియ్యరు, ఎవరికీ ఇవ్వరు.

ఇది ఇంతటితో అయిపోతే నేను నోరు మూసుకునేదాన్నేమో. మొన్న మాస్టారు ఫోన్ చేశారు. వచ్చే వేసవికి ఏడుగురు పిల్లల అరంగేట్రాలు, తేదీలన్నీ ఖాయం. "నిధి పోస్టరు అందరికీ తెగ నచ్చిందమ్మా. క్లాసు గోడకి కట్టించాను. ఏడింటికీ అదే మోడల్‌లో వేసిపెట్టు."

వెయ్యను. ఇంకెవరి చేతా వేయించకండి.

మాస్టారూ, ఆ గోడ మీంచి నేను అతికించిన చెయ్యిని దించండి. ఆ తేదీలు రద్దు చెయ్యండి. వేలు ఆగమన్నప్పుడు ఆపడం మీకు తెలిసిన రోజు మళ్ళీ పెట్టుకుందురుగాని. అక్కా, ఆ ఎస్సే చించు. ఏడుగురు పిల్లల తల్లులూ తండ్రులూ, ఈ ఆదివారం పదకొండింటికి మాస్టారి ఇంటి ముందు నా కారు ఉంటుంది. నిధి వేసిన బొమ్మ తెస్తాను, నిధి వేసినట్టే. వీణ తిరగబడే ఉంటుంది. మూలన ఉన్న రాత చదవండి. తర్వాత మీ పిల్లని ఆ వంకర నీలం ముక్క ముందు నిలబెట్టి, చేతులు చాపమని, నొప్పి ఉందా అని అడగండి. మాస్టారు పక్కన లేకుండా అడగండి. మీరు నవ్వకుండా అడగండి. ఉంది అంటే, కారు ఎక్కకముందే, అక్కడే నిలబడి, హాలు క్యాన్సిల్ చెయ్యండి.